మేకులు లేని బూట్లు

నా కాళ్ళు ఎప్పుడు మొద్దుబారాయో నాకు తెలియదు. బయటపడింది మాత్రం ఒక ఆదివారం సాయంత్రం. సంతలో కూరగాయలు కొనుక్కుని, సంచీతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ సంచీ అందుకోబోయి ఆగిపోయింది.

“కుడికాలి జోడేదండీ?”

చూసుకున్నాను. ఎడమకాలికి హవాయి చెప్పు ఉంది. కుడికాలు ఉత్తది. సంత నుంచి మా క్వార్టర్ల దాకా కంకర రోడ్డు, మే నెల.

“దార్లో ఎక్కడో జారిపోయి ఉంటుంది,” అన్నాను.

“జారిపోతే తెలీదూ?”

“తెలిస్తే తొడుక్కుని వచ్చేవాణ్ణి కదా.”

ఆవిడ నవ్వలేదు. మామూలుగా కూడా నా మాటలకు ఆవిడ నవ్వదు గనక అందులో విశేషమేమీ కనిపించలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అరికాలు తిప్పి చూసింది. మడమ దగ్గర అరచేతిలో సగమంత బొబ్బ.

“నొప్పిగా లేదా?”

“లేదు.”

నొప్పి లేకపోవడం మంచిదే అనుకున్నాను. అప్పటికి నాకు నలభై నిండలేదు.

డెబ్భైల చివర్లో మాట ఇది. కొవ్వూరుకు కొంచెం దూరంలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. షుగరు వచ్చి అప్పటికే కొన్నేళ్ళయింది. చక్కెర ఫ్యాక్టరీలో షుగరు మనిషి అన్న ముక్క మీద ఆ చుట్టుపక్కల నవ్వనివాళ్ళు లేరు. మీరూ కానివ్వండి. నేను ఆగుతాను.

రాజమండ్రిలో నాకు మందులిచ్చే డాక్టరు గారు బొబ్బ చూసి, “పాదాల్లో నరాలు చచ్చిపోతున్నాయండి. ఇలాంటి కాళ్ళ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు, ఓసారి అక్కడికి వెళ్ళండి,” అని ఒక మిషను ఆస్పత్రి పేరు చెప్పారు. అది కుష్ఠు ఆస్పత్రి. ఆ మాట ఆయన అనలేదు. మా డెల్టాలో ఆ ఆస్పత్రి పేరు చెబితే తతిమ్మాది ఎవరూ చెప్పక్కర్లేదు.

బస్సెక్కాక మా ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తూ, “అంటుకుంటుందా అండీ?” అంది.

“నాకు లేని జబ్బు నీకెలా అంటుకుంటుంది?”

“మీది కాదు. అక్కడున్నవాళ్ళది.”

“డాక్టర్లు ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నారట.”

“వాళ్ళకి దేవుడున్నాడు,” అంది ఆవిడ. మాకు లేడన్న అర్థంలో కాదు. వాళ్ళకు ప్రత్యేకంగా ఉన్నాడని.

ఆస్పత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ గారు పెద్దావిడ. తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. నా జబ్బు చరిత్రంతా విని, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నైలాను దారం ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

“కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా ‘ఊ’ అనండి.”

మూసుకున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను. బయట ఎవరో పంపు కొడుతున్నారు. ఆవిడ ఏదో వెతుక్కుంటున్నారేమో అనుకున్నాను.

“మొదలుపెట్టండమ్మా,” అన్నాను మర్యాదగా.

“అయిపోయిందండి,” అన్నారావిడ.

కళ్ళు తెరిచాను. మా ఆవిడ నా పాదాల వంక చూస్తోంది. ఎవరివో పాదాలను చూస్తున్నట్టు చూస్తోంది.

డాక్టరమ్మ గారు చెప్పింది కొద్దిగానే చెప్పారు. రోజూ గంటసేపు నడవాలి, లేకపోతే షుగరు ఆగదు. కాని ఉత్తకాళ్ళతో గడప దాటకూడదు. కరిచే తోలుబూట్లు పనికిరావు. మేకు కొట్టిన జోడు అసలు దగ్గరికే రానివ్వకూడదు. మేకు పైకి లేస్తే మామూలు మనిషి రెండడుగుల్లో ఆగిపోతాడు, నేను ఊరంతా తిరిగి వస్తాను.

“నడవకపోతే జబ్బు, నడిస్తే కాలు. మధ్యేమార్గం ఏమన్నా ఉందాండీ?” అన్నాను.

“ఉంది. వెనకాల షెడ్డులో.”

షెడ్డులో బూట్లు కుట్టే మనిషి నన్ను కాగితం మీద నిలబెట్టి పాదాల చుట్టూ పెన్సిలుతో గీశాడు. అతని చేతికి రెండు వేళ్ళు సగం సగమే ఉన్నాయి. మిగతా వాటితో గీత చక్కగా వచ్చింది. “మేకన్నది ఉండదండి, ఆయ్. అంతా కుట్టూ జిగురూనండి,” అన్నాడు.

రెండు వారాల తర్వాత బూట్లు వచ్చాయి. పైన నల్ల కాన్వాసు. లోపలా కిందా గాలి బుడగలున్న మెత్తటి నల్ల రబ్బరు, వేలెడు మందం. ముందు భాగం వెడల్పుగా, గుండ్రంగా, వేళ్ళకు చోటిచ్చి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంది. తొడుక్కుంటే ఎలా ఉందో నాకు తెలియదు. బాగుందనే చెప్పాలి.

మా ఆవిడకు కూడా డాక్టరమ్మ గారు ఒక పని అప్పగించారు. ఆయనకు తెలియదు గనక మీరు చూడాలమ్మా అన్నారు. అప్పటినుంచి రోజూ సాయంత్రం దీపాల వేళకు నేను కాళ్ళు చాపి కూర్చోవడం, ఆవిడ టార్చిలైటు వేసి అరికాళ్ళు తడిమి చూడడం. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నన్ను అంత శ్రద్ధగా ఆవిడ ఎప్పుడూ పరిశీలించలేదు.

బూట్లు బాగానే పనిచేశాయి. ఊరే పనిచేయలేదు. ఆ నల్ల రబ్బరు, ఆ గుండ్రటి ముక్కు చూసి అవి ఎక్కడివో పోల్చుకోలేనివాళ్ళు మా ప్రాంతంలో లేరు. నాలుగో రోజున నేను రోజూ కాఫీ తాగే హోటలు యజమాని గల్లా దిగి ఎదురొచ్చి మరీ, “మీరెందుకండీ శ్రమ పడి రావడం! కబురు పెడితే ఫ్లాస్కులో ఇంటికే పంపిస్తాం కదండీ,” అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో మనిషిని వెలివేసినా ‘అండి’ తగిలించే వేస్తారు. షుగరండీ అన్నాను. “ఆయ్, అలాగేనండి,” అన్నాడు. నమ్మలేదని అంత వినయంగా చెప్పడం అందరికీ రాదు.

పాలమ్మాయి మా గిన్నెకు తన చెంబు తగలకుండా ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టింది. నురగ మాత్రం బాగా వచ్చేది. పక్క క్వార్టరు ఆవిడ పచ్చడి ఇవ్వడం మానేసింది. ఇచ్చిన గిన్నె తిరిగి తీసుకోవాల్సి వస్తుందని కాబోలు.

“కాళ్ళు మీవి,” అంది మా ఆవిడ ఒక రోజు గిన్నెలు సర్దుతూ. “వీధి మాత్రం అందరిదీను.”

వీధి కాని చోటు ఒకటుంది. ఫ్యాక్టరీ గోల్ఫు మైదానం.

మా జనరల్ మేనేజరు గారు తెలుగువారే గాని నీలగిరి టీ తోటల్లో చాలా ఏళ్ళు చేసి వచ్చారు. అక్కడినుంచి రెండు తెచ్చుకున్నారు, ఉలెన్ కోటు, గోల్ఫు. ఉలెన్ కోటు మా ఎండలకు బీరువా ఎక్కింది. గోల్ఫు మా నెత్తికెక్కింది. కాలువకూ చెరుకుబళ్ళ దారికీ మధ్య ఎందుకూ పనికిరాని నేల ఉంటే చదును చేయించి, ఆరు గుంటలు తవ్వించారు. గుంటల చుట్టూ పచ్చటి గడ్డి ఉండాలట, దాన్ని గ్రీను అంటారట. మా దగ్గర గడ్డి వేస్తే గేదెలు వస్తాయి. అందుకని ఇసుకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి, గుండ్రంగా పరిపించి, పలకతో సాపు చేయించారు. వాటిని బ్రౌనులు అనేవారు. ఆదివారం ఉదయం ఆఫీసర్లందరూ ఆడాలన్న నియమం ఎక్కడా రాసి లేదు. ఆడనివాళ్ళ సెలవు అర్జీలు మాత్రం ఆలస్యమయ్యేవి.

అసలు గోల్ఫు బూట్లకు అడుగున మేకులుంటాయి, మరలు తిప్పి బిగించేవి, జారకుండా. మొదటి నెలలోనే ఆ మేకులు బ్రౌనుల్ని దున్నేశాయి. దాంతో మేకుల బూట్లు నిషేధమని నోటీసు పెట్టారు. మరి ఏం తొడుక్కోవాలి? అక్కణ్ణుంచి ఆదివారాలు బంతి గురించి తగ్గి బూట్ల గురించి ఎక్కువయ్యాయి. కాన్వాసు బూట్లయితే తెల్లవారి మంచుకి తడిసి, మూడో గుంట దగ్గరికి గోనెసంచీల్లా బరువెక్కేవి. ఆఫీసు తోలుబూట్లయితే తడి నేల మీద జారేవి. హవాయి చెప్పులు కుదరవని జనరల్ మేనేజరు గారే చెప్పేశారు. మా అకౌంట్సు ఆఫీసరు గారు ఒకసారి గమ్‌బూట్లతో వచ్చారు, పొలానికి నీరు పెట్టడానికి వెళ్తున్నారా అని అందరూ అడిగేసరికి మళ్ళీ వేసుకోలేదు.

“నువ్వు కొనుగోళ్ళ ఆఫీసరువి కదటోయ్,” అన్నారు జనరల్ మేనేజరు గారు నాతో. “తేలిగ్గా ఉండాలి, మేకులుండకూడదు, మూడు మైళ్ళు నడిచినా కరవకూడదు. కనిపెట్టు.”

మద్రాసు దుకాణాలకు రాశాను. గోల్ఫు బూటంటే మేకులుంటాయని వాళ్ళు నాకు మర్యాదగా పాఠం చెప్పి జవాబు రాశారు. ఆ జవాబు పట్టుకుని, నడకకు నడకా అవుతుందని, ఆ ఆదివారం నా నల్లబూట్లతో మైదానంలోకి దిగాను. రెండు గుంటలు అయ్యేదాకా ఎవరూ చూడలేదు. చూసినా పోల్చుకోలేరు, ఆఫీసర్లందరూ పై జిల్లాలవాళ్ళే. మూడో దాని దగ్గర బురద తగిలింది. అందరూ కాళ్ళు ఈడుస్తున్నారు, నేను నడిచి దాటాను.

“ఏవోయ్, ఏంటవి? ఏదీ, ఒకటి విప్పు.”

విప్పాను. జనరల్ మేనేజరు గారు బూటు చేతిలోకి తీసుకుని, అడుగు వంచి చూశారు, లోపల చెయ్యి పెట్టి నొక్కారు, అరచేతిలో పెట్టి బరువు చూశారు.

“దూదిలా ఉందయ్యా! మద్రాసువాడు లేవన్నాడన్నావు? ఎక్కడ చేయించావు?”

“కుష్ఠు ఆస్పత్రిలోనండి.”

ఒక్కసారిగా అందరూ నవ్వారు. అకౌంట్సు ఆఫీసరు గారైతే గోల్ఫు కర్ర మీద వాలిపోయి, కళ్ళు తుడుచుకుంటూ, “మీరు చంపేస్తారండీ బాబూ!” అన్నారు. కాలనీలో నేను హాస్యగాణ్ణి. పొద్దున్న లేచి నమస్కారం పెట్టినా అందులో ఏముందా అని వెతికేవారు. నిజం చెప్పడానికి నాకున్న ఇబ్బంది అదొక్కటే.

“జోకులు తర్వాత. ముందు నాకొక జత తెప్పించు,” అన్నారు జనరల్ మేనేజరు గారు. కొలత కోసం కాళ్ళు గీసి ఇవ్వాలండీ అంటే మర్నాడు ప్యూను చేత కాగితం పంపారు. కుడి, ఎడమ అని రాసి, కింద సంతకం కూడా పెట్టారు.

ఆ కాగితం చూసి డాక్టరమ్మ గారు, “ఈయన కాళ్ళకి స్పర్శ ఉందాండీ?” అన్నారు.

“కాళ్ళకైతే ఉందండి.”

“అయితే బజార్లో కొనుక్కోమనండి. రబ్బరు మాకే చాలడం లేదు. వేళ్ళు పోయినవాళ్ళు కూర్చుని ఉన్నారు.”

ఆ తర్వాతి ఆదివారం మొదటి గుంట దగ్గరే ఆయన అడిగారు, “ఏదయ్యా నా జత?”

“ఇవ్వనన్నారండి. తమరి కాళ్ళకి స్పర్శ ఉందట.”

మళ్ళీ నవ్వులు. జనరల్ మేనేజరు గారు కూడా నవ్వుతూనే నా ముఖం చూశారు. అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు, నేనేమీ పెట్టలేదు. ఆయన నవ్వు మెల్లిగా ఆగిపోయింది.

“నిజంగానా?”

“నాది షుగరండి. పాదాల్లో నరాలు పోయాయి. బూట్లు మాత్రం అక్కడివే.”

జనరల్ మేనేజరు గారు తన కుడి అరచెయ్యి చూసుకున్నారు. జేబులోంచి రుమాలు తీశారు. తీసి, ఏమనుకున్నారో, దాంతో నుదురు తుడుచుకున్నారు. అంత మర్యాదస్తులు. మిగతా గుంటలన్నీ నేను ఆడుతూనే ఉన్నాను. కాకపోతే నా పక్కన నడిచేవాళ్ళు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని నడిచారు.

మర్నాడు ఆయన తన గదికి పిలిపించారు. బల్ల మీద అట్టపెట్టె ఉంది.

“నీది అంటుకునేది కాదని నాకు తెలుసు,” అన్నారు. “నాకు తెలుసోయ్. కాని నలుగురూ ఉంటారు కదా. ఇవి నావే, ఇంగ్లండు నుంచి తెప్పించిన సీమ సరుకు. సరిగా రెండుసార్లు కూడా తొడగలేదు. నువ్వు నడక మానకూడదు. ఆ నల్లవి మాత్రం మైదానంలోకి వద్దు.”

పెట్టె తెరిచాను. తెలుపూ గోధుమరంగూ కలిసిన తోలుబూట్లు. అడుగున ఉన్న మేకులన్నీ మా వర్క్‌షాపులో విప్పించేశారట. ఒక్కటి మాత్రం తుప్పు పట్టి రాకపోతే, దాని తల అరగదీసి సాపు చేశారట. “నున్నగా ఉంది, చూసుకో,” అని ఆయనే వేలితో రాసి చూపించారు. ప్రేమగానే ఇచ్చారు. ఆ మాట ఇప్పుడూ చెబుతాను.

ఇంట్లో రెండు జతలూ పక్కపక్కన పెట్టి కూర్చున్నాం.

“ఇవి పెళ్ళికొడుకు బూట్లలా ఉన్నాయండీ,” అంది మా ఆవిడ.

“బరువు చూడు.”

చూసింది. రెండు చేతుల్లోనూ ఒక్కొక్కటి పెట్టుకుని చూసింది. తేడా ఆవిడకు తెలిసింది. అయినా తెల్లవే దగ్గరికి జరుపుకుంది.

“డాక్టరమ్మ గారు మేకులొద్దన్నారు,” అన్నాను.

“తీసేశారుగా.”

“ఒకటుంది.”

“అరగదీశారన్నారుగా.”

లోపల చెయ్యి పెట్టి చూశాను, అడుగు నున్నగా ఉంది. ఆవిడా పెట్టి చూసింది. ఆఫీసు కోసం కొన్న సరుకైతే నేను తిప్పి పంపేవాణ్ణే. కాని ఆ బూట్లతో నాలుగు రోజులు వీధిలో తిరిగేసరికి హోటల్లో కాఫీ మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. పాలమ్మాయి చెంబు మా గిన్నె అంచుకు ఆనింది. పక్క క్వార్టరు నుంచి గోంగూర వచ్చింది. జబ్బు నయమైందనుకున్నారు. బూట్లు మారిస్తే నయమయ్యే జబ్బుల్లో అదొకటి. నల్లబూట్లు మంచం కిందికి వెళ్ళిపోయాయి.

అలా వానాకాలం గడిచింది. రోజూ నడిచాను. షుగరు తగ్గింది. రోజూ సాయంత్రం టార్చిలైటు కింద పాదాలు శుభ్రంగానే ఉన్నాయి. నా బరువు మాత్రం రోజూ ఆ అరగదీసిన మేకు మీద పడుతూనే ఉంది. కింద నేల దాన్ని పైకి తోస్తూనే ఉంది. తోలు తడిసి మెత్తబడుతూ ఉంది.

దసరా వెళ్ళాక మా మరదలి కాన్పుకని మా ఆవిడ నిడదవోలు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గడ్డం గీసుకునే అద్దం చేతికిచ్చి, “ఇది కింద పెట్టుకుని రోజూ చూసుకోండి,” అంది. పెట్టుకున్నాను. అరికాలు చూసుకోవాలంటే వెన్ను వంగాలి, పొట్ట ఒప్పుకోవాలి. అద్దంలో నాకు ఎక్కువగా పైకప్పు కనిపించింది. ఏమైనా ఉంటే తెలుస్తుందిలే అనుకున్నాను. తెలియకపోవడమే నా జబ్బని ఆ క్షణంలో గుర్తు లేదు.

ఆవిడ తిరిగి రావలసిన ఆదివారం నేను జీవితంలో ఎన్నడూ ఆడనంత బాగా ఆడాను. బంతి చెప్పిన మాట విన్నది. జనరల్ మేనేజరు గారిని మొదటిసారి ఓడించాను. ఆయన సంతోషపడి, “చూశావా, సీమ బూట్లు!” అన్నారు. ఆఖరి బ్రౌను మీద నూనె మరకల మధ్య ఎర్రటి మరకలు రెండు మూడు కనిపించాయి. ఎవడో కిళ్ళీ ఉమ్మాడని ఆయన మైదానం చూసే మనిషిని కేకలేశారు. ఆ మనిషి తాను కిళ్ళీ వేసుకోనన్నాడు. నేనూ అతని మీదే అనుమానపడ్డాను.

సాయంత్రం రైలుకి మా ఆవిడ వచ్చింది. నేను వాకిట్లో కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను, ఇంకా బూట్లు విప్పలేదు. ఆవిడ సంచీ దించింది. ఎంత బరువు పుట్టాడో, ఎవరి పోలికో చెబుతూనే నా బూటు లాగింది. చెప్పడం ఆపేసింది.

“ఏంటండీ ఇది?”

“ఏది?”

“మేజోడు రావడం లేదు.”

నీళ్ళు తెచ్చి తడిపింది. నెమ్మదిగా ఊడదీసింది. అది తెల్ల మేజోడని నాకు గుర్తు. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్ళంత నల్లటి గుంట ఉంది. వాసన ఆవిడకు వచ్చినట్టుంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి మానేసింది.

“ఎప్పట్నుంచండీ?”

“తెలీదు.”

“ఇవాళేనా? నిన్నా? మొన్నా?”

“తెలీదని చెప్పాగా.”

ఆవిడ బూటు తీసుకుని లోపల చెయ్యి పెట్టింది. “అమ్మా!” అని వెంటనే చెయ్యి లాక్కుంది. వేలి చివర రక్తపు బొట్టు. ఆ మేకు నొప్పి మా ఇంట్లో మొదట తెలిసింది ఆవిడకే. వేలు నోట్లో పెట్టుకుని, నా కాలి వంక చూస్తూ అక్కడే కూలబడింది. నేను పేపరు మడతపెట్టాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గారు పుండులోకి సన్నటి ఇనప పుల్ల పోనిచ్చారు. అది లోపల దేనికో తగిలి టిక్కుమంది. ఆ చప్పుడు నేనూ విన్నాను. వినడమే.

“ఎముక దాకా వెళ్ళిందండి,” అన్నారు. “బొటనవేలు ఉండదు. పాదం ఉంటుందో లేదో ఇప్పుడు చెప్పలేను. శుభ్రం చేసి కట్టు వేస్తాం. కట్టు విప్పాక మానుతూ ఉంటే ఉంటుంది, లేకపోతే మోకాలి కింద తీసేయాలి.”

“నడక?” అన్నాను.

“మంచం దిగకూడదు.”

నన్నేమీ అనలేదు. అంటారేమోనని చూశాను. బూటు మాత్రం అడిగి తీసుకుని, లోపల దీపం వేసి చూసి, “ఇది నాకివ్వండి, కొత్తగా వచ్చే నర్సులకి చూపించాలి,” అన్నారు. ఆ విధంగా సీమ సరుకు మిషను ఆస్పత్రి అలమారాలో చేరింది.

వేలు తీసేటప్పుడు మత్తు పెద్దగా అక్కర్లేకపోయింది. మోకాలి దాకా సుద్దకట్టు వేసి వార్డులో పడుకోబెట్టారు. పక్క మంచం మీద రావులపాలెం వైపు నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన. అరటితోటలో పనిచేస్తూ ఆయన కూడా కాల్లో ముల్లుతోనే నెలల తరబడి తిరిగాడట.

“మీకూ అదేనాండీ?” అన్నాడు.

“కాదండి. నాది షుగరు.”

“అయ్యో,” అన్నాడు నిజంగా జాలిపడి. “మాదానికైతే మందుందండి.”

మా ఆవిడ నాతోనే ఉండిపోయింది. ఆస్పత్రి వరండాలో వంట, మంచం పక్కన చాప. మొదటి వారం చీర కుచ్చెళ్ళు దేనికీ తగలకుండా పట్టుకుని నడిచేది. ఆ తర్వాత ఎప్పుడో వదిలేసింది. ముసలాయన వేళ్ళు గ్లాసు పట్టవని మజ్జిగ ఆవిడే తాగించేది. ఎప్పుడు మొదలుపెట్టిందో నేను చూడలేదు.

ఒక రోజు అకౌంట్సు ఆఫీసరు గారు వచ్చి కిటికీ బయట నిలబడ్డారు.

“లోపలికి రండి.”

“పర్లేదండి, ఇక్కడ గాలి బాగుంది.” కిటికీ ఊచల్లోంచి యాపిల్ పళ్ళు ఒక్కొక్కటే అందించారు. “జీయెం గారు గేటు బయట కార్లో కూర్చున్నారండి. రావాలనే ఉందట. రాలేకపోతున్నారు. మనిషి సగమైపోయారండీ. ఆ మేకు అరగదీసినవాడి ఉద్యోగం పీకేస్తానంటున్నారు.”

“వద్దని చెప్పండి. వాడు బాగానే అరగదీశాడు. పైకి తెచ్చింది నా బరువు.”

ఆయన ఇది జోకేమోనని కాసేపు ఎదురుచూసి, కాదని తేలాక వెళ్ళిపోయారు.

భయపడాల్సిన రోజులవి. పాదం ఉంటుందా పోతుందా అన్నది ఆ కట్టు లోపల ఎక్కడో తేలుతోంది, నాకు మాత్రం ఏ కబురూ అందడం లేదు. నేను ఫాను చూసేవాణ్ణి. అది తిరిగినప్పుడు తిరగడం, ఆగినప్పుడు ఆగడం చూసేవాణ్ణి. మా ఆవిడ రాత్రిపూట ఏడ్చేదని ముసలాయన చెప్పాడు. నాకు వినిపించలేదు.

సంక్రాంతి వెళ్ళిపోయాక కట్టు విప్పారు. రంపంతో కోస్తుంటే తెల్లటి పొడి రేగింది. మా ఆవిడ మంచం కోడు పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ గారు దూది పెట్టి తుడిచి, నొక్కి, వంగి వాసన చూసి, మళ్ళీ నొక్కారు.

“పాదం ఉందండి,” అన్నారు.

మా ఆవిడ కోడు వదల్లేదు. నేను “థాంక్సండి” అన్నాను, బస్సులో ఎవరో చోటిస్తే అన్నట్టుగా.

వెళ్ళేముందు షెడ్డుకి పంపారు. బూట్లు కుట్టే మనిషి మళ్ళీ కాగితం మీద నిలబెట్టి గీశాడు. ఈసారి గీత బొటనవేలు ఉండాల్సిన చోట లోపలికి తిరిగింది. అక్కడ రబ్బరు ముక్క నింపుతానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి మా ఆవిడతో అన్నాడు.

“అమ్మగారూ, ఇప్పుడు గోధుమరంగు తోలొచ్చిందండి. పైనంతా అది వేసి, రబ్బరు కనపడకుండా పక్కల కూడా మూసేసి ఇత్తానండి. బజార్లో కొన్నట్టే ఉంటాయండి. ఎవరికీ తెలీదండి. ఆపీసర్లు కొందరు అలాగే చేయించుకుంటారండి, ఆయ్.”

“మేకులు?”

“ఉండవండి. అవీ కుట్టేనండి.”

“మరి తేడా ఏంటి?”

“కొంచెం బరువండి. తోలు కదండీ, కొత్తలో కాస్త కరిసినా కరవొచ్చు. చూసుకుంటా ఉండాలండి.”

మా ఆవిడ నా వంక చూసింది. నేను నాకేమీ పట్టనట్టు గోడ మీద వేలాడే చెక్కపాదాల అచ్చుల వంక చూస్తున్నాను. నిజానికి తోలువే కావాలని నాలో ఎవరో అంటున్నారు. ఆ గొంతు నాదే అయి ఉంటుంది.

“నల్లవే కుట్టండి,” అంది ఆవిడ.

అవి కుట్టడం అయ్యేదాకా రెండు రోజులు ఆగి, తొడుక్కుని బయలుదేరాం. కొత్త నడక, చేతికర్ర. బస్‌స్టాపులో బెంచీ మీద ఒక పెద్దమనిషి, ఆయన భార్య కూర్చుని ఉన్నారు, బజారు సంచులతో. మేము దగ్గరికి వచ్చేసరికి ఆయన నా కాళ్ళు చూసి, భార్యను మోచేత్తో పొడిచి, ఇద్దరూ లేచి నిలబడ్డారు. బెంచీ ఖాళీ అయింది. మా ఆవిడ నన్ను కూర్చోబెట్టి తానూ కూర్చుంది.

కాసేపటికి ఆ పెద్దమనిషి ఉండబట్టలేక, దూరం నుంచే, ఎంతో మర్యాదగా అడిగాడు. “ఏంటండీ ఆ బూట్లు?”

నేను నోరు తెరవబోయాను. ఏదో ఒకటి అనేసేవాణ్ణే.

“కుష్ఠు ఆస్పత్రిలో కుట్టించామండి,” అంది మా ఆవిడ. “తేలిగ్గా ఉంటాయి.”

ఆయన నవ్వలేదు. “అలాగాండీ,” అన్నాడు.

కొవ్వూరు బస్సు వచ్చింది. ఆవిడ ముందెక్కి, పైనుంచి చెయ్యి అందించింది.